కొత్త ఆంప్లిఫయర్ అక్కరలేని ఇల్లు: రీమాస్టర్లపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఇళ్లలో సంగీతం వినే గదులను సర్దిపెట్టడం, పాత రికార్డులను, టేపులను డిజిటల్‌లోకి ఎక్కించడం నా వృత్తి. ఈ కేసులోని పెద్దమనిషి డెబ్బై ఏళ్లు దాటిన విశ్రాంత ఇంజినీరు, జంటనగరాల్లో ఉంటారు. ఆయనను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలన్నీ తీసివేశాను. కొలతలు, నేను తీసుకున్న నిర్ణయాలు, చేసిన తప్పులు మాత్రం అప్పుడు నోటుపుస్తకంలో రాసుకున్నవి రాసుకున్నట్టే ఇస్తున్నాను.

ఆయన 1980ల నడుమ గల్ఫ్‌లో ఉద్యోగం చేశారు. 1982లో జపాన్‌లో మొదటిసారి అమ్మకానికి వచ్చిన సీడీ అప్పటికి అక్కడి దుకాణాలకు చేరింది. నెల జీతం అందగానే ఒకటీ రెండూ కొనుక్కుంటూ, తిరిగి వచ్చేనాటికి దాదాపు 400 సీడీలు పోగుచేశారు. వాటిలో ఎక్కువ భాగం జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, చాలావరకు జపాన్‌లో తయారైనవే. ఆయన భార్య చిన్ననాడు కర్ణాటక గాత్రం పద్ధతిగా నేర్చుకున్నారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న 1960ల నాటి తెలుగు సినిమా పాటల 45 ఆర్‌పీఎం రికార్డులు ఆమె దగ్గర ఒక చిన్న పెట్టెడు ఉన్నాయి.

పదవీ విరమణ తరువాత ఆయన తన సీడీలన్నింటినీ లాప్‌టాప్‌తో హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, అసలు డిస్కులను అట్టపెట్టెల్లో కట్టి అటక ఎక్కించారు. ఆ తరువాత ఐదారేళ్లలో అవే ఆల్బములను రీమాస్టర్ రూపంలో, అంటే పాత రికార్డింగు ధ్వనిని మళ్లీ సరిచేసి వెలువరించిన ప్రతులుగా, మళ్లీ కొనడం మొదలుపెట్టారు. కొన్ని ఎస్‌ఏసీడీలు (సూపర్ ఆడియో సీడీలు), కొన్ని 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లు (సీడీకన్నా ఎక్కువ వివరంగా ధ్వనిని నమోదు చేసే ఇలాంటివాటినే హై-రిజల్యూషన్ అంటారు), కొన్ని 180 గ్రాముల ఎల్‌పీలు. నన్ను పిలిచేనాటికి అలా రెండు రూపాల్లోనూ ఉన్న ఆల్బములు ముప్పైకి పైగా ఉన్నాయి.

ఆయన చెప్పిన సమస్య

ఆయన నన్ను పిలిచింది ఆంప్లిఫయర్ ఎంపికకు. హై-రిజల్యూషన్ ఫైళ్లకు ఆయన ఆంప్లిఫయర్ న్యాయం చేయలేదని, కొత్తది కొనక తప్పదని ఒక దుకాణదారు చెప్పాడట. నేను మాత్రం ముందుగా, విన్నప్పుడు ఏమనిపిస్తోందో చెప్పమని అడిగాను. ఆయన ఇచ్చిన జవాబును ఆయన మాటల్లోనే రాసుకున్నాను: "కొత్తవి పెట్టగానే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది బాబూ. అరగంటకల్లా ఆపేయాలనిపిస్తుంది. పాతవి కొన్ని చప్పగా ఉంటాయి, కొన్ని చెవిలో కీచుమంటాయి. పాతవి అమ్మేద్దామనుకుంటున్నా."

ఈ నాలుగు వాక్యాల్లో మూడు వేరువేరు ఫిర్యాదులున్నాయి. కొత్తవాటి మొదటి ఆకర్షణ ఒకటి, ఆ తరువాత వచ్చే అలసట మరొకటి, పాతవాటిలో కొన్నింటికే ఉన్న కీచుదనం మూడవది. ఆ రోజు నేను వాటిని విడదీయలేదు. మూడింటినీ కలిపి 'గదిలో పైస్వరాలు ఎక్కువగా ఉన్నాయి' అని ఒకే మాటగా అర్థం చేసుకున్నాను.

మొదట చేసినవి, ఫలించనివి

గది పద్నాలుగు అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు. నేల పాలరాయి, ఒక పక్క గోడంతా అద్దాల బీరువా, స్పీకర్లు వెనక గోడకు ఆనుకుని ఉన్నాయి. ఇలాంటి గదిలో నాదం గట్టి ఉపరితలాల మీద పడి తిరిగి చెవికి చేరుతుంది కనుక, అలసటకు అదే కారణమనుకోవడం సహజం. స్పీకర్లను రెండడుగులు ముందుకు జరిపించాను, నేల మీద మందపాటి జంపఖానా పరిపించాను, బీరువాకు బరువైన తెర వేయించాను. మంద్రంలో గుమ్మని మోగే మోత తగ్గింది, మాట స్పష్టమైంది. ఆయన సంతోషించారు. వారం తిరగకముందే ఫోను చేసి, అలసట అలాగే ఉందన్నారు.

ఇక్కడ నా ఆలోచనలోని పొరపాటును దాచకుండా చెప్పాలి. గది మార్పు పాత ప్రతికీ కొత్త ప్రతికీ సమానంగా వర్తిస్తుంది. అలసట ఫిర్యాదు ఉన్నది మాత్రం కొత్తవాటి మీదే. ఒక ప్రతికి ఉండి మరొక ప్రతికి లేని లక్షణానికి, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న కారణాన్ని వెతకడం వల్ల వారం రోజులు వృథా అయ్యాయి.

రెండవసారి వెళ్లినప్పుడు ఒకే ఆల్బమును రెండు ప్రతుల్లో ఒకదాని వెంట ఒకటి వినిపించాను. వాల్యూమ్ బిరడాను ముట్టుకోలేదు, అదే నిష్పక్షపాతమనుకున్నాను. ఆయన, ఆయన భార్య, నేను, ముగ్గురమూ రీమాస్టరే మేలన్నాం. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి రెండు ఫైళ్ల సగటు బిగ్గరతనాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారి బీఎస్.1770 పద్ధతిలో కొలిస్తే, పాత సీడీ మైనస్ 19 దగ్గర, రీమాస్టర్ మైనస్ 10.4 దగ్గర తేలాయి (డిజిటల్ గరిష్ఠ మట్టానికి ఎంత దిగువనో చెప్పే అంకెలివి, సున్నాకు దగ్గరైతే బిగ్గర). అంటే బిరడా కదలకపోయినా కొత్త ప్రతి 8.6 డెసిబెళ్లు ఎక్కువ బిగ్గరగా మోగింది. బిరడాను కదపకపోవడమే ఆ పోలికలోని పక్షపాతం.

ఇది చిన్న విషయం కాదు. 1933లో బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ చూపినట్టు, మన చెవి అన్ని స్వరస్థాయిలనూ ఒకే తీరున వినదు. శబ్దం తగ్గేకొద్దీ మంద్రస్వరాలు ముందుగా జారిపోతాయి, పెరిగేకొద్దీ అవి తిరిగి నిండుకుంటాయి. అందువల్ల ఒకే ధ్వనిని ఒక్క డెసిబెల్ పెంచి వినిపించినా, చాలామంది దాన్ని 'బిగ్గరగా ఉంది' అనరు. 'నిండుగా ఉంది, తేటగా ఉంది' అంటారు. ఆయన 'చప్పగా' అన్న పాత సీడీలు నిజానికి చప్పనివి కావు, తక్కువ మట్టంలో వినిపించినవి.

అలసట ఎక్కడి నుంచి వచ్చింది

మూడవసారి లాప్‌టాప్ తెరపై రెండు ఫైళ్ల తరంగరూపాలను పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన ఇంజినీరు కనుక వివరించే పని ఎక్కువ పడలేదు. పాత సీడీలో డ్రమ్ము దెబ్బ పడిన చోటల్లా ఒక సన్నటి ముల్లు లేచి, వెంటనే తరంగం కిందికి దిగుతోంది. రీమాస్టర్‌లో ఆ ముళ్లు లేవు. మొదటి నుంచి చివరి దాకా అంచులు కోసిన దిమ్మెలా ఒకే ఎత్తులో ఉంది. డిజిటల్‌లో గరిష్ఠ మట్టం దాటడానికి వీలుండదు కనుక, పాటను బిగ్గరగా చేయాలంటే లిమిటర్ అనే సాధనంతో ఎత్తులను నొక్కి, మిగిలినదంతా పైకి లేపడమే దారి. 1990ల నుంచి సంస్థలు ఒకదానిని చూసి ఒకటి చేసిన ఈ పని ఆడియోఫైల్, అంటే నాణ్యమైన ధ్వని కోరే శ్రోతల కోసమన్న ముద్ర వేసుకున్న రీమాస్టర్లలోకి కూడా కొంత పాకింది. తగ్గడమన్నది లేని నాదంలో చెవికి విశ్రాంతి దొరకదు. పాట లేచే చోట లేవదు, ఒదిగే చోట ఒదగదు. అరగంటకు అలసట రావడంలో వింతేమీ లేదు.

అయితే ఇంతటితో 'పాతవే మేలు' అని తేల్చడం తొందరపాటవుతుంది. ఆయన డబ్బు ఖర్చుపెట్టింది 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అన్న అంకెల మీద. ఆ అంకెల వల్ల వచ్చిన తేడా ఎంత, మాస్టరింగ్ (విడుదలకు ముందు ధ్వనిని చివరగా సరిచేసే పని) వల్ల వచ్చిన తేడా ఎంత అన్నది విడిగా తేల్చాలనుకున్నాను. దానికోసం ఒక్కో ఆల్బముకు మూడు ప్రతులు సిద్ధం చేశాను: పాత సీడీ ప్రతి, హై-రిజల్యూషన్ రీమాస్టర్, అదే రీమాస్టర్‌ను సీడీ ప్రమాణమైన 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కు నేనే దించిన ప్రతి. మూడింటి మట్టాలనూ సమానం చేశాను. సమం చేసేటప్పుడు బిగ్గరగా ఉన్నదాన్ని తగ్గించాలే తప్ప, మెల్లగా ఉన్నదాన్ని పెంచకూడదు. పెంచితే పాత సీడీలోని ఎత్తులు కూడా నలుగుతాయి.

ఏది మోగుతోందో తెలియకుండా పదహారుసార్లు వినిపించి గుర్తుపట్టమన్నాను. పదహారింటిలో పన్నెండు సరైతేనే, అది గుడ్డి అదృష్టం కాదని నమ్మడానికి ఆధారం ఉన్నట్టు. హై-రిజల్యూషన్ ఫైలుకూ, దాన్ని దించిన ప్రతికీ మధ్య ఆయనకు ఎనిమిది సరైనవి వచ్చాయి, అంటే బొమ్మా బొరుసూ వేసినంతే. పాత సీడీకీ రీమాస్టర్‌కూ మధ్య పదహారుకు పదహారూ వచ్చాయి. తేడా నిజమే, ఆయన చెవీ మంచిదే, కానీ ఆ తేడా అంకెల్లో లేదు.

ఈ ఫలితం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎస్‌ఏసీడీల వంటి హై-రిజల్యూషన్ డిస్కుల ధ్వనిని సీడీ ప్రమాణం గుండా పంపి, పంపకుండా శ్రోతలకు వినిపిస్తే, 554 ప్రయత్నాల్లో 276 మాత్రమే సరైనవి వచ్చాయి. ఆ డిస్కులు చాలావరకు మామూలు సీడీల కన్నా బాగా వినిపించడం నిజమేనని, అందుకు కారణం వాటిని తయారుచేసినవారు మాస్టరింగ్‌లో చూపిన శ్రద్ధేనని కూడా వారు రాశారు. నా దృష్టిలో ఆ వ్యాసంలో అన్నింటికన్నా విలువైన పరిశీలన ఇదే. పైగా ఆయన వింటున్నవి అనలాగ్ టేపు మీద రికార్డు చేసినవి. శబ్దనిరోధక ఏర్పాటు లేని టేపులో మెల్లని ధ్వనికీ బిగ్గరైన ధ్వనికీ మధ్య దొరికే అంతరం సుమారు 60 నుంచి 70 డెసిబెళ్లు. 16 బిట్ సీడీలో 96 దాకా చోటుంది. టేపు సరుకంతా సీడీలోనే పట్టి ఇంకా ఖాళీ మిగులుతుంది.

కీచుమన్న తొమ్మిది సీడీలు

మట్టాలు సమం చేసి, పేరు తెలియకుండా పన్నెండు ఆల్బముల జంటలను వినిపించినప్పుడు, ఆయన ఏడింటిలో పాత సీడీని, మూడింటిలో రీమాస్టర్‌ను ఎంచుకున్నారు. రెండింటిలో తేడా తేల్చలేకపోయారు. రీమాస్టర్‌ను ఎంచుకున్న మూడింటిలో రెండు, పాత ప్రతి 'కీచుమంటోంది' అన్నవే. నేను కూడా విన్నాను, నిజంగానే చెవిలో గుచ్చుతోంది. తొలినాటి సీడీల్లో కొన్ని, ఎల్‌పీ మీద గాడి కోయడానికి సరిచేసిన నకలు టేపుల నుంచి తయారైన మాట వాస్తవం కనుక, ఇవి కూడా అలాంటివేనని రాసుకుని ముందుకు సాగబోయాను.

అప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న ఆయన భార్య అన్న మాట ఈ కేసును మలుపు తిప్పింది. "నాయనా, ఇదే డిస్కు ఆయన వెనకటి ప్లేయర్‌లో వేసినప్పుడు ఇలా అరిచేది కాదే!" అన్నారు.

అటక మీది పెట్టె దింపించి, ఆ డిస్కును పాత ప్లేయర్‌లో వేశాం. కీచుదనం లేదు. సితారు తీగలా మోగాల్సిన రైడ్ సింబల్ (డ్రమ్ముల పక్కనుండే లోహపు పళ్లెం) అలాగే మోగింది. అదే డిస్కు, ఫైలుగా మారాక అరుస్తోంది. అప్పుడు కారణం తట్టింది. 1980ల తొలి సంవత్సరాల్లో, ముఖ్యంగా జపాన్‌లో, కొన్ని సీడీలను ప్రీ-ఎంఫసిస్ అనే పద్ధతిలో తయారుచేసేవారు. పైస్వరాలను పెంచి డిస్కు మీదికి ఎక్కించి, 'చదివేటప్పుడు తిరిగి తగ్గించు' అని ప్లేయర్‌కు చెప్పే ఒక గుర్తును దానిలోనే ఉంచేవారు. అలా తగ్గించినప్పుడు పైస్వరాలతో పాటు డిజిటల్ రొద కూడా తగ్గుతుందన్నది ఉద్దేశం. ఆ పెంపు మూడు కిలోహెర్ట్జ్ ప్రాంతంలో మొదలై, 10 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు ఏడున్నర డెసిబెళ్లకు చేరుతుంది. సీడీ ప్లేయర్ ఆ గుర్తును చూసి సరిచేస్తుంది. లాప్‌టాప్‌లో కాపీ చేసే ప్రోగ్రాములు చాలావరకు అంకెలను ఉన్నవి ఉన్నట్టు దించుతాయే కానీ ఆ సవరణ చేయవు. కొన్ని డిస్కుల్లో ఆ గుర్తు విషయసూచికలో ఉండదు, సంగీతంతో పాటు దాగి ఉండే లోపలి ఉపకోడులో మాత్రమే ఉంటుంది కనుక వెతికినా సులభంగా దొరకదు.

నాలుగు రోజులు కూర్చుని 400 డిస్కులనూ పరీక్షించాను. తొమ్మిదింటిలో ఆ గుర్తు కనిపించింది. ఆ తొమ్మిది ఫైళ్లకూ సవరణ చేసి మళ్లీ పేరు తెలియకుండా వినిపిస్తే, ఇంతకుముందు రీమాస్టర్‌కు ఓటు వేసిన ఆ రెండింటిలోనూ ఆయన పాత ప్రతినే ఎంచుకున్నారు. పాత సీడీలు నాసిరకమని ఆయన ఇన్నేళ్లు నమ్మడానికి మూలం సీడీలో లేదు, కాపీ చేసిన తీరులో ఉంది. మంచి రికార్డింగును చెడగొట్టి, చెడిపోయిన ఆ ప్రతితో పోల్చి రీమాస్టర్‌ను గెలిపించడం నేను ఆ తరువాత మరెన్నో ఇళ్లలో చూశాను. అందుకే ఇప్పుడు ఏ పోలికకైనా ముందు, పాత ప్రతి ఏ దారిలో ఫైలయిందో అడుగుతాను.

రీమాస్టర్ నిజంగా గెలిచినది

పన్నెండింటిలో ఒక ఆల్బము మిగిలింది. దాని పేరు చెప్పక తప్పదు, ఎందుకంటే కారణం దాని చరిత్రలోనే ఉంది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'ను 1959లో న్యూయార్క్‌లోని కొలంబియా రికార్డు సంస్థ వారి 30వ వీధి స్టూడియోలో రెండు దఫాలుగా, మార్చి 2న, ఏప్రిల్ 22న రికార్డు చేశారు. మార్చి దఫాలో ప్రధాన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరైన వేగంతో నడిపితే సంగీతం వేగంగా, పైశ్రుతిలో వినిపిస్తుంది. అప్పటి నుంచి దశాబ్దాల పాటు ఎల్‌పీలూ, తొలి సీడీలూ అదే శ్రుతిలో వెలువడ్డాయి. అదే సమయంలో రెండవ యంత్రం మీద నడిచిన రక్షణ టేపు సరైన వేగంతో ఉందని గుర్తించి, 1992లో దాని నుంచి సరిచేసిన సీడీ తెచ్చారు.

ఈ కథ నాకు తెలుసు కానీ వారికి ముందుగా చెప్పలేదు. ఆయన రీమాస్టర్‌ను ఎంచుకున్నారు, ఎందుకో చెప్పలేకపోయారు. ఆమె లోపలికి వెళ్లి తన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తెచ్చుకుని, మొదటి పాట పాత ప్రతి మోగుతుండగా మీట తిప్పుతూ శ్రుతి కలిపారు. మీట కదపకుండా కొత్త ప్రతి వేయమన్నారు. శ్రుతిపెట్టె నాదానికీ బాస్ తీగకూ మధ్య అలలు అలలుగా కొట్టుకోవడం గదిలో అందరికీ వినిపించింది. ఐదు పాటలకూ అలాగే చూసి, "మొదటి మూడే తేడా, చివరి రెండూ ఒకటే శ్రుతి" అన్నారు. మొదటి మూడూ మార్చి దఫావి, చివరి రెండూ ఏప్రిల్‌వి. అరవై ఏళ్ల కిందటి ఒక మోటారు లోపాన్ని ఆ తల్లి మన శ్రుతిపెట్టెతో పట్టుకున్న ఆ పూట నా వృత్తిజీవితంలో మరువలేనిది.

ఇక్కడ రీమాస్టర్ ఎందుకు మేలయిందో గమనించాలి. మెరుగుపెట్టినందుకు కాదు, మూలానికి మరింత దగ్గరి టేపును పట్టుకున్నందుకు. ఆనాడు మైకుల ముందు జరిగిన దానిలో లేనిదేదీ అది చేర్చలేదు.

ఆమె 45 ఆర్‌పీఎం రికార్డులు

ఆమె సినిమా పాటల రికార్డులకు పోటీగా ఇంట్లో 'డిజిటల్ రీమాస్టర్' అని రాసి ఉన్న సీడీల సెట్టు ఒకటి ఉంది. ఆ పాటలన్నీ ఒకే ట్రాకులో, గాయకులూ వాద్యబృందమూ కలిసి రికార్డు చేసిన మోనో కాలపువి. రికార్డులను శుభ్రంగా కడిగి, మోనో గాడికి తగిన వెడల్పున్న ముల్లు వేసి, కుడి ఎడమ ఛానళ్లను కలిపి ఎక్కించాను. మోనో రికార్డులో సంగీతమంతా గాడి పక్కలకు కదిలే కదలికలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదిలేదంతా దుమ్మూ గీతలే కనుక, రెండు ఛానళ్లూ కలిపితే ఆ కరకరలో చాలా భాగం దానంతట అదే రద్దయిపోతుంది.

పల్లవి ఎత్తుకునే ముందు గాయని తీసుకున్న ఊపిరి రికార్డులో వినిపించింది. సీడీ సెట్టులో అది లేదు. రొదను తీసే ప్రోగ్రాము ఊపిరిని కూడా రొద కిందే లెక్కగట్టింది. వీణ మీటు తరువాత నాదం సన్నగిల్లుతూ పోయే తోకను మధ్యలోనే కత్తిరించింది. మోనోను రెండు పక్కలకూ చీల్చి స్టీరియో భ్రమ కల్పించడం వల్ల, గొంతు ఎదురుగా నిలబడకుండా గదంతా పరుచుకుంది. అయితే ఆమె పెట్టెలోని రెండు రికార్డులు బరువైన పాత ముల్లు కింద ఎన్నో ఏళ్లు అరిగిపోయి, తారస్థాయిలో గొంతు చీలుతోంది. ఆ రెండింటికీ సీడీ సెట్టే గతి. ఆమె ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది, కానీ ఒప్పుకున్నారు.

180 గ్రాముల ఎల్‌పీల గురించి క్లుప్తంగా చెబుతాను. బరువు రికార్డు వంగకుండా కొంత కాపాడవచ్చు, గాడిలో ఉన్న సంగీతాన్ని మార్చదు. పూర్తి అనలాగ్ అని శ్రోతలు ఏళ్ల తరబడి మెచ్చుకున్న ఒక అమెరికన్ సంస్థ రికార్డుల్లో నడుమ డిజిటల్ దశ ఉందని 2022లో బయటపడింది. అంతకుముందు దాన్ని చెవితో పట్టుకున్నవారు దాదాపు లేరు. ఆయన దగ్గరున్న ఎల్‌పీల్లో కొన్ని చాలా బాగున్నాయి, ఎందుకంటే వాటిని కోసిన ఇంజినీరు బాగా కోశాడు.

చివరికి మిగిలినది

ఆంప్లిఫయర్ కొనలేదు. పాత సీడీలు అటక దిగి మళ్లీ బీరువాలోకి వచ్చాయి. ఇకముందు ఏదైనా రీమాస్టర్ కొనాలనిపిస్తే చూడవలసినవి ఆయనకు ఒక కాగితం మీద రాసిచ్చాను: ఏ టేపు నుంచి తీశారు, ఎవరు మాస్టర్ చేశారు, బిగ్గరతనం ఎంత, తన దగ్గర ఇప్పటికే ఉన్న ప్రతికన్నా మూలానికి అది ఒక అడుగైనా దగ్గరా. ఈ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు దొరకకపోతే కొనవద్దన్నాను. ఇదే కేసు ఇప్పుడు వస్తే నేను మొదటి రోజే ఫిర్యాదులను విడివిడిగా రాసుకుంటాను, మట్టాలు సమం చేయకుండా ఎవరి చెవినీ, నా చెవితో సహా, నమ్మను, గదిని చివరికి వదిలేస్తాను.

తేడా తేల్చలేకపోయిన రెండు ఆల్బములు అలాగే ఉండిపోయాయి. మట్టం సమం చేసి, పేరు దాచి ఎన్నిసార్లు వినిపించినా ఆయన రెండింటినీ వేరు చేయలేకపోయారు, కొలతల్లోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అట్ట చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఇప్పటికీ కొత్తదే ప్లేయర్‌లో పెడతారు. వాటిలో ఏది తీసెయ్యాలని మొన్న అడిగారు. రెండూ ఉంచుకోమన్నాను.